ఒకవైపే సంతకం

నేను జూడో నేర్పే మనిషిని. అందుకని ఈ కథలో నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. అది మసాహికో కిమురా వైపు. 1954 డిసెంబరు 22న టోక్యోలోని కురమాయె కొకుగికాన్‌లో, వేలమంది చూస్తుండగా, రికిడోజాన్ చేతిలో ఆయన దెబ్బలు తిని స్పృహ లేకుండా పడిపోయాడు. అదే ఏడాది ఫిబ్రవరిలో, అదే హాల్లో, ఆ ఇద్దరూ ఒకే జట్టుగా బరిలోకి దిగినవాళ్లు.

కిమురా ఎవరో మా జూడో వాళ్లకి చెప్పక్కర్లేదు. 1917లో కుమమోతోలో పుట్టాడు. తత్సుకుమా ఉషిజిమా అనే గురువు దగ్గర సాధన చేశాడు. 1937, 38, 39లో వరసగా మూడేళ్లు జపాన్ విజేత. 1940లో చక్రవర్తి సముఖంలో జరిగిన పోటీలోనూ ఆయనే గెలిచాడు. ఎత్తు 170 సెంటీమీటర్లే. యుద్ధం తర్వాత జూడోతో పొట్ట గడవలేదు. భార్యకు క్షయ, మందులకు డబ్బు కావాలి. గురువు మొదలుపెట్టిన ప్రొఫెషనల్ జూడోలో 1950లో చేరితే అది నెలల్లోనే మూతపడింది. అక్కణ్నుంచి హవాయి, ఆపైన బ్రెజిల్.

1951 అక్టోబరు 23న రియో డి జెనీరోలో మరకానా స్టేడియంలో బ్రెజిల్ జియుజిత్సు యోధుడు హీలియో గ్రేసీ మీద ఆయన వేసిన పట్టు పేరు ఉదె గరామి. పడుకున్న ప్రత్యర్థి మణికట్టును ఒక చేత్తో పట్టాలి. రెండో చేతిని అతని మోచేతి పైభాగం కిందనుంచి దూర్చి, తన మణికట్టును తానే పట్టుకోవాలి. అప్పుడు ఎదుటివాడి చేయి వంగి, మన రెండు చేతుల మధ్య ఇరుక్కుంటుంది. దాన్ని వీపు వెనక్కి, తల వైపుకి నెమ్మదిగా తిప్పుకుంటూ పోవాలి. భారం పడేది భుజం మీద, మోచేతి మీద. మా పిల్లలతో చేయించేటప్పుడు తిప్పడం మొదలుపెట్టగానే ఆపమంటాను, ఎందుకంటే నొప్పి తెలిసేసరికే ఆలస్యం అయిపోతుంది. గ్రేసీ చేయి విరిగినా లొంగలేదు. చివరికి అతని వాళ్లే ఆట ఆపించారు. ఇవాళ ప్రపంచమంతా ఆ పట్టును ‘కిమురా’ అనే పిలుస్తోంది.

రికిడోజాన్ దారి వేరు. అతని అసలు పేరు కిమ్ సిన్ రాక్, పుట్టింది ఇప్పటి ఉత్తర కొరియాలో. 1940లో సుమోలో అడుగుపెట్టి, పైనుంచి మూడో హోదా అయిన సెకివాకె దాకా ఎదిగి, 1950లో ఆ రంగం వదిలేశాడు. మరుసటి ఏడు అమెరికా కుస్తీవీరుడు బాబీ బ్రన్స్ దగ్గర రెజ్లింగ్ నేర్చుకుని, హవాయి వెళ్లి రాటుదేలి వచ్చాడు. 1953లో జపాన్‌లో సొంత సంస్థ పెట్టాడు. అతను కొరియావాడన్న సంగతి బతికున్నన్నాళ్లూ సామాన్య జనానికి తెలియనివ్వలేదు. నాగసాకి ప్రాంతం వాడనే అందరూ నమ్మారు.

1954 ఫిబ్రవరి 19న బెన్, మైక్ అనే షార్ప్ సోదరుల మీద రికిడోజాన్, కిమురా కలిసి దిగారు. సోదరులిద్దరూ కెనడావాళ్లు. చూసే జనానికి మాత్రం వాళ్లు అమెరికన్లే. అమెరికా సైన్యం ఏలుబడి ముగిసి రెండేళ్లయినా కాలేదు. టీవీ ప్రసారాలు మొదలై ఏడాదే. ఇళ్లల్లో సెట్లు దాదాపు లేవు. నిప్పన్ టీవీ అధిపతి మత్సుతారో షోరికి కూడళ్లలో పెట్టించిన టీవీల ముందు జనం విరగబడ్డారు. షింబాషి స్టేషన్ ముందు ఒక్కచోటే 20,000 మంది దాకా చేరారంటారు. తెల్లతోలు భారీ మనిషి ఛాతీ మీద రికిడోజాన్ అరచేతి అంచుతో కొట్టిన ప్రతి దెబ్బకీ, ఓడిపోయిన దేశం ఊపిరి పీల్చుకుంది. ఆ దెబ్బకి కరాటే చాప్ అని పేరు పెట్టారు.

ఎవరేం చేయాలో ముందే అనుకుని ఆడే ఆ కుస్తీలో కిమురా వాటాకి వచ్చిన పని అది కాదు. ఆయన చిక్కుల్లో పడాలి, దెబ్బలు తినాలి, జట్టువాడి చేయి తాకడానికి పాక్కుంటూ రావాలి. అప్పుడు రికిడోజాన్ దూకి గట్టెక్కించాలి. జపాన్‌లో జూడోకి మారుపేరైన మనిషి రోజూ రాత్రి జనం ముందు చతికిలబడ్డాడు. డబ్బు కోసం ఒప్పుకున్నాడు, నిజమే. కానీ అదెంత కోతో కొంచెం ఊహించగలను. మనకి రాని పనిలో ఓడిపోవచ్చు, అవమానం ఉండదు. వచ్చిన పనిలో రానట్టు నటించాలంటే కడుపు మండుతుంది.

నవంబరులో ఆయన పెదవి విప్పాడు. రికిడోజాన్‌ది ప్రదర్శన కుస్తీ అనీ, నిజంగా తలపడితే తాను ఓడననీ అసాహి పత్రికతో అన్నాడు. అంతే, పోటీ ఖాయమైంది. పత్రికలు దానికి ‘షోవా గన్ర్యూజిమా’ అని పేరు పెట్టాయి. 1612లో మియమోతో ముసాషి, ససాకి కొజిరో తలపడిన దీవి పేరది.

పోటీకి ముందు ఇద్దరి మధ్యా లోపాయికారీ ఒప్పందం జరిగింది. మొదటి పోటీ డ్రా చేసుకుని, ఆ తర్వాతి వాటిలో గెలుపోటములు పంచుకోవాలన్నది ఒప్పందమని కిమురా తన ఆత్మకథలో రాశాడు. ఆ మాట కాగితం మీద రాసి సంతకం చేసి ఇచ్చాడు. అవతలివైపు నుంచి కాగితం రాలేదు.

ఇలా ముందే మాట్లాడుకోవడాన్ని మోసమనేవాళ్లతో నేను ఏకీభవించను. ఆ వృత్తి నిలబడిందే మాట మీద. ఎత్తి పడేసేవాడి చేతుల్లో పడేవాడి మెడ ఉంటుంది. ఒకడు దెబ్బకి ఛాతీ చాపుతున్నాడంటే, ఎదుటివాడు ఆ దెబ్బని సరైన చోట, సరైన బలంతో వేస్తాడని నమ్మాడన్నమాట. జూడోలో విసిరేటప్పుడు అవతలివాడి చొక్కా చెయ్యి చివరిదాకా వదలకూడదని పిల్లలకి నేర్పేదీ అందుకే. వదిలితే వాడి తల నేలకి తగులుతుంది.

61 నిమిషాల గడువు పెట్టారు. ఆట పదిహేను నిమిషాల పైచిలుకే సాగింది. మొదట్లో ఇద్దరూ మామూలుగానే పట్లు పట్టుకున్నారు. మధ్యలో కిమురా కాలు రికిడోజాన్ పొత్తికడుపు కింద తగిలింది. అక్కడితో అతని తీరే మారిపోయింది. కావాలని తన్నాడని అతని వాదం. మిగిలిన ఫిల్ములో కనపడేది వరసగా పడే చాచిన అరచేతి దెబ్బలు, సుమోలో ‘హరితె’ అనేవి, మెడ మీద చాప్‌లు, కిందపడ్డాక తల మీద తన్నులు. కిమురా చేతులు ఆ దెబ్బల్ని కాచుకునే తీరులో లేవు. ఏం జరుగుతోందో అర్థంకాని మనిషి చేతులవి. లేచాడు, మళ్లీ పడ్డాడు. మ్యాట్ మీద రక్తం. రిఫరీ హెరాల్డ్ టొకితా ఆపించాడు. బరి పక్కనే ఉన్న కరాటే గురువు మాస్ ఒయామా ఆవేశంతో ఊగిపోయి, రికిడోజాన్‌తో తాను తలపడతానన్నాడు. అది ఎప్పటికీ జరగలేదు.

పోటీ అయ్యాక రికిడోజాన్ చేసిన పని నాకు ఆ తన్నులకంటే నీచంగా అనిపిస్తుంది. కిమురా సంతకం ఉన్న కాగితాన్ని పత్రికల వాళ్లకి చూపించి, డ్రా చేద్దామని అడిగింది కిమురానే అన్నాడు. 1955 ఫిబ్రవరిలో ఇద్దరికీ రాజీ కుదిర్చారు. ఆ రాజీతో కిమురాకి పోయిన పేరేమీ తిరిగి రాలేదు.

రికిడోజాన్ ఆకాశానికెత్తబడ్డాడు. దారాసింగ్ ప్రత్యర్థిగా మనవాళ్లకి తెలిసిన కింగ్‌కాంగ్‌ని 1955 నవంబరులో ఓడించి ఆసియా విజేత అనిపించుకున్నాడు. 1957లో ప్రపంచ ఛాంపియన్ లౌ థెజ్‌తో గంటసేపు తలపడి డ్రా చేశాడు. జయంట్ బాబా, అంతోనియో ఇనోకి అతని శిష్యులే. 1963 డిసెంబరు 8న అకసాకాలోని ఒక నైట్‌క్లబ్బులో యకూజా ముఠావాడు కడుపులో కత్తితో పొడిచాడు. వారానికి చనిపోయాడు, 39 ఏళ్లకే. కిమురా తాను చదివిన తకుషొకు విశ్వవిద్యాలయంలో జూడో శిక్షకుడయ్యాడు. ఆయన శిష్యుడు కనెయో ఇవత్సురి 1971లో జపాన్ విజేత అయ్యాడు. కిమురా 1993లో 75 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

2011లో తొషినారి మసుదా అనే రచయిత ఈ పోటీ మీద పెద్ద పుస్తకం రాశాడు. ఆయనా జూడో నేర్చినవాడే. కిమురా పరువు నిలబెట్టాలని మొదలుపెట్టి, సాక్ష్యాలన్నీ తిరగేశాక, ఆ రోజు కిమురా ఓడిపోయాడనే ఒప్పుకున్నాడు. పోరుకి సిద్ధం కాకుండా బరిలోకి దిగడమే ఓటమి అన్నది ఆయన లెక్క. ఆయన శ్రమకి నమస్కారం పెడతాను గానీ ఆ తీర్పు మాత్రం ఒప్పుకోను. పోటీ అనాలంటే, అది పోటీ అని ఇద్దరికీ తెలియాలి. ఆ సాయంత్రం అది ఒక్కడికే తెలుసు.