కనకాంబరం పేరులో ఉండే బట్ట

కోవిల్‌పట్టిలో గానీ విరుదునగర్‌లో గానీ పూల అంగడిలో కనకాంబరం అని అడిగితే తమిళం వాళ్ళకూ తెలుస్తుంది, ఇంట్లో తెలుగు మాట్లాడే మనకూ తెలుస్తుంది. కన్నడంలో కనకాంబర. సంస్కృతం నుండి వచ్చిన పేరు. కనకం అంటే బంగారం. అంబరం అంటే ఆకాశం అనే చాలామంది చెప్తారు, కానీ బట్ట అని కూడా అర్థం. పీతాంబరంలో ఉండేది ఆ బట్టే. విరుదునగర్ జిల్లా శ్రీవిల్లిపుత్తూరు ఆండాళ్ తల్లి తిరుప్పావై 17వ పాశురంలో నందగోపుడి దానాలు చెప్తూ బట్టకు ఈ మాటే వాడింది. అదీ నీళ్ళకంటే, అన్నంకంటే ముందు! నేసేవాళ్ళ ఇండ్లల్లో పిల్లలకు ఇది చెప్పాలి.

శాస్త్రంలో దీని పేరు క్రొసాండ్రా. 1805లో సాలిస్‌బరీ అనే ఇంగ్లీషు ఆయన పెట్టినాడు. గ్రీకులో క్రొసోస్ అంటే కుచ్చు. పువ్వు లోపలి కేసరాలకు కుచ్చు ఉన్నట్టు ఉంటుందని ఆ పేరు. మనం కొంగుకు వేసే కుచ్చు మాదిరే.

మరాఠీలో అబోలి. ఇంగ్లీషులో టపాకాయ పువ్వు అని అర్థం వచ్చే పేరు ఉంది. ఎండిన కాయమీద నీళ్ళు పడితే పటుక్కున పగిలి విత్తనాలు ఎగురుతాయి. శివకాశి పక్కనుండే మనకు వేరే చెప్పాలా! ఢిల్లీ కనకాంబరానికి మాత్రం విత్తు కట్టదు, కొమ్మ నాటాల్సిందే.

బట్ట పేరు పువ్వుకు పోయింది, పువ్వు రంగు మళ్ళీ చీరకు వచ్చింది. మా సొసైటీ పాత లెక్క పుస్తకాల్లో కనకాంబరం రంగు అనే ఉంటుంది. ఇప్పటి బిల్లుల్లో ఆరెంజ్ అంటున్నారు. అది నారింజ, ఆ రంగు వేరు. నూలుకు రంగు వేసేవాళ్ళను అడగండి. ఈ సంవత్సరం నుండి బిల్లులో కనకాంబరం అనే రాయిస్తున్నాను. పిల్లలకు తెలుగు అక్షరాలు రావు గనుక తమిళ అక్షరాల్లోనే.