ఇంధనం అయిపోతే విమానం ఏమవుతుంది? తిరుపతి దగ్గర పొలంలో దిగిన ఐసీ 440

దేవనహళ్ళిలో 2008లో ఎయిర్‌పోర్టు మొదలైనప్పటి నుంచి జంగమకోటె, విజయపుర చుట్టుపక్కల మనవాళ్ళకు తలమీది విమానం కొత్త కాదు. పెట్రోలు అయిపోతే బండిని రోడ్డు పక్కన ఆపుతాం, మరి విమానం ఏం చేస్తుందని పిల్లలు అడుగుతుంటారు. దీనికి జవాబు తెలుగు నేలమీదే ఉంది. పెద్దవాళ్ళలో కొందరికి గుర్తుండవచ్చు.

1993 నవంబరు 15న ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి ఐసీ 440, ఎయిర్‌బస్ ఏ300, మద్రాసు నుంచి హైదరాబాదుకు వెళ్ళింది. అక్కడ రన్‌వే సరిగా కనబడక, దిగబోయి మళ్ళీ పైకి లేచింది. ఆ సమయంలో రెక్కల వెనకుండే ఫ్లాపులు లోపలికి పోకుండా ఇరుక్కున్నాయి. ఫ్లాపులంటే, విమానం నెమ్మదిగా పోతున్నా కింద పడకుండా రెక్కకు బలమిచ్చే పలకలు. దిగేటప్పుడు అవి కావాలి. దూరం పోవాలంటే మాత్రం అవే శత్రువులు: గాలికి అడ్డం నిలుస్తాయి, వేగం పెరగనివ్వవు, ఇంధనం బాగా ఎక్కువ కాలుతుంది. అలాగే మద్రాసుకు వెనుదిరిగిన విమానానికి దారిలోనే ఇంధనం చాలలేదు. తిరుపతి దగ్గర వరి పొలంలో దించారు. 262 మందిలో ఒక్కరూ చనిపోలేదు. విమానం మాత్రం మళ్ళీ పనికి రాలేదు.

ట్యాంకుకు చిల్లు పడలేదు. మామూలు ప్రయాణానికి వేసిన లెక్క ఆ ప్రయాణానికి సరిపోలేదు, అంతే. కెనడాలో 1983 జూలై 23న మరీ విచిత్రం జరిగింది. 22,300 కిలోలు ఉండవలసిన చోట 22,300 పౌన్లే ఉన్నాయి, అంటే సగం కూడా కాదు. ఆ పెద్ద విమానం గాలిలో జారుతూ గిమ్లీ అనే ఊళ్ళోని పాత రన్‌వేపై దిగింది. అందులోని 69 మందీ బతికారు.

జక్కూరులో శిక్షణకు వాడేలాంటి చిన్న విమానాలకూ ఇదే సూత్రం. వాటికి బైకులాగా రిజర్వు మీట ఉండదు. అందుకే ఇంధనాన్ని లీటర్లలోనే కాదు, నిమిషాల్లోనూ లెక్కపెడతారు. గమ్యం చేరాక కూడా పగలైతే 30 నిమిషాలు, రాత్రయితే 45 నిమిషాలు ఎగరగలిగేంత మిగలాలన్నది అంతర్జాతీయ నియమం. గేజీని నమ్మకుండా, బయల్దేరే ముందు ట్యాంకులో పుల్ల ముంచి చూసుకోవడం మంచి పైలట్ల అలవాటు. ఒక్కోసారి ఇంధనం ఉండి కూడా ఇంజనుకు అందదు. ఖాళీ ట్యాంకు వైపు మీట తిప్పి మరిచిపోవడం, ఇంధనంలో నీళ్ళు చేరడం దీనికి కారణాలు.

ఇంజను ఆగగానే విమానం రాయిలా పడిపోదు. సెస్నా 172 లాంటిది నేలకు 3,000 అడుగుల ఎత్తున ఉంటే, గాలి లేనప్పుడు సుమారు 8 కిలోమీటర్లు జారుతూ రాగలదు. చేతిలో ఉండేది దాదాపు నాలుగు నిమిషాలు. ఆలోపు చదునైన చోటు చూసుకోవాలి. మన ప్రాంతంలో కోత అయిన రాగి చేను పరవాలేదు. రాతి కూసాలు పాతిన ద్రాక్ష తోట మాత్రం ప్రమాదం.

అలాంటి విమానం మీ పొలంలో దిగితే 112కు ఫోన్ చేయండి. బీడీ, సిగరెట్ దగ్గరికి రానివ్వకండి. ట్యాంకులో అడుగున కొంత మిగిలి ఉండవచ్చు. ముందున్న ఫ్యాను ఆగిపోయినా ముట్టుకోకండి, కదిలిస్తే ఒక్కసారిగా తిరగవచ్చు.