విజయపురి – అనురాధపురం: విమాన దూరం, ప్రయాణ కాలం

పలనాడు జిల్లా విజయపురి సౌత్ నుంచి శ్రీలంకలోని అనురాధపురానికి ఆకాశమార్గాన సుమారు 915 కిలోమీటర్లు. జెట్ విమానం తిన్నగా ఎగిరితే గంటన్నర ప్రయాణం. రెండూ ఇంచుమించు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి కాబట్టి దారంతా దాదాపు దక్షిణానికే. రెండు దేశాల గడియారాలూ ఒకే సమయం చూపిస్తాయి. అయితే ఈ రెండు ఊళ్ల మధ్య నేరుగా విమానం లేదు.

ఈ రెండు ఊళ్ల బంధం క్రీ.శ. 3వ శతాబ్ది నాటిది. నాగార్జునకొండ లోయలోని విజయపురి ఇక్ష్వాకుల రాజధాని. అనురాధపురం సింహళ రాజుల రాజధాని. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక చుళ్లధమ్మగిరి మీద సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. ఆమె వేయించిన శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగం, తామ్రపర్ణి ద్వీపం (సింహళం) పేర్లు వరసగా వస్తాయి. సింహళ విహారంలో బోధివృక్షానికి ఆమె చేయించిన కట్టడం ప్రస్తావన కూడా అందులో ఉంది. ఈ లోయలోనే దొరికిన ఒక బుద్ధపాద శిల మీది శాసనం మహావిహారవాసులైన ఆచార్యులను పేర్కొంటుంది. ఆ మహావిహారం ఉన్నది అనురాధపురంలోనే. రెండు నగరాల సంబంధానికి ఇంతకంటే సూటి సాక్ష్యం అక్కర్లేదు.

రాకపోకలు ఒకవైపే సాగలేదు. ఆంధ్ర శైలిలో చెక్కిన సున్నపురాయి శిల్పాలు శ్రీలంకలో దొరికాయి. వాటిలో కొన్నింటిని పలనాటి రాయిగానే పరిశోధకులు గుర్తించారు. అంత బరువైన రాయి సముద్రం దాటిందంటే ఓడల రాకపోకలు బాగానే ఉండి ఉండాలి.

ఆ ప్రయాణానికి ఎన్నాళ్లు పట్టేదో అంచనా వేయడానికి ఒక ఆధారం ఉంది. 5వ శతాబ్ది మొదట్లో చైనా యాత్రికుడు ఫాహియాన్ బెంగాల్ తీరంలోని తామ్రలిప్తి నుంచి చలికాలపు గాలి వాలున 14 పగళ్లు, 14 రాత్రులు ఓడలో సాగి సింహళం చేరాడు. బోధిసిరి శాసనంలో కనిపించే కంటకసేల, అంటే నేటి ఘంటసాల, అందులో సుమారు సగం దూరంలోనే ఉంది. గాలి అనుకూలిస్తే అక్కడి నుంచి వారం రోజులు పట్టేదనుకోవచ్చు. విజయపురి నుంచి కృష్ణ వెంట తీరం దాకా వెళ్లడానికి పట్టే రోజులు దీనికి అదనం.

ఆ పాత విజయపురి ఇప్పుడు కనిపించదు. 1955 డిసెంబరు 10న ప్రధాని నెహ్రూ కృష్ణ మీద నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. 1954–60 మధ్య ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయలో పెద్దయెత్తున తవ్వకాలు జరిగాయి. ఆ తరవాత పాత రాజధాని నీట మునిగింది. ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని నాగార్జునకొండపైకి, దగ్గరలోని అనుపుకు తరలించి మళ్లీ నిలబెట్టారు. ఆనకట్ట కుడివైపు వెలసిన కాలనీకి ఆ రాజధాని పేరే దక్కింది.

ఇప్పుడు ఈ యాత్ర చేయాలంటే ముందు రోడ్డు మీద హైదరాబాద్ శివార్లలోని శంషాబాద్ విమానాశ్రయం చేరాలి. దానికి మూడు, నాలుగు గంటలు. హైదరాబాద్ నుంచి కొలంబోకు ఆకాశంలో సుమారు 1,130 కిలోమీటర్లు, రెండు గంటల లోపు. కొలంబో దగ్గరి కటునాయకే విమానాశ్రయం నుంచి అనురాధపురానికి మళ్లీ రోడ్డే, దాదాపు నాలుగు గంటలు. తనిఖీలు, నిరీక్షణ కలుపుకుంటే మొత్తం పన్నెండు గంటల దాకా పడుతుంది. విజయపురి సౌత్ దగ్గర ఎయిర్‌స్ట్రిప్ ఉన్నా, దాన్ని పైలట్ల శిక్షణకే వాడుతూ వచ్చారు. నాగార్జునసాగర్‌లో విమానాశ్రయం కట్టాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతిపాదించింది.