రేవు తెరచిన యంత్రము

ఆలమూరు చెంత జొన్నాడ వద్ద గౌతమిని చూచునపుడు మనకొక మాట తోచును: రేవు లేనిదే పడవ చేరదు. కంప్యూటరునకును ఇదియే నియమము. పిలుపు చేరు చోటునకు పోర్టు, అనగా రేవు, అనియే పేరు.

1983లో బర్క్‌లీ విశ్వవిద్యాలయపు యునిక్సుతో సర్వరును నెలకొల్పు క్రమము స్థిరపడినది: రేవు సంఖ్యను పట్టుట, చెవియొగ్గి కాచియుండుట, వచ్చిన పిలుపును స్వీకరించుట. 1990 చివర జెనీవా చెంతనున్న సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ తొలి వెబ్ సర్వరును నడపెను. వెబ్బునకు 80వ రేవు వాడుకయైనది. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఆ సాఫ్ట్‌వేరును ఎల్లరకును ఉచితముగా విడిచెను. 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్టు మన దేశ ప్రజలకు అందినది.

రేడియో ఎదుట మనము శ్రోతలము మాత్రమే. సర్వరు నడపినచో ఆలమూరులోని ఇల్లు సైతము లోకమునకు బదులు పలుకగలదు. అయితే రేవు తెరచినవారు కావలియు నుంచవలెను.