వాకిట్లో వాన నీళ్లు, బోరులో ఫ్లోరైడు

తుఫాను వాన వెలిశాక వాకిట్లో నీళ్లు నిలిస్తే మనం గండి కొట్టి రోడ్డు కాలవలోకి మళ్లిస్తాం. నిలవుంటే గోడలు చెమ్మెక్కుతాయి, దోమలు చేరతాయి. తప్పని పనే. కానీ కనిగిరి వాళ్లం ఒక్క సంగతి మర్చిపోకూడదు.

మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి వైద్యులు మొదట రాసింది 1937లో, నెల్లూరు జిల్లా పల్లెల్ని చూసి. అప్పట్లో కనిగిరి, పొదిలి, దర్శి ఆ జిల్లాలోవే. 1970లో కొత్త జిల్లాలోకి వచ్చాం. జిల్లా మారింది గానీ బోరు నీళ్లు మారలా. రాళ్లలోని ఫ్లోరైడు భూమిలోని నీళ్లలో కరుగుతుంది. వాన నీళ్లలో అది దాదాపు ఉండదు.

లెక్క చూడండి. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 9 వేల లీటర్ల పైనే!

2000లో నీరు-మీరు అని ఊరూరా ఇంకుడు గుంతలు తవ్వారు. మీ ఇంటి గుంత ఇప్పుడుందా?

ఈసారి తొలి వాన వదిలేసి, తర్వాత మిద్దె మీది నీళ్లు మూతున్న తొట్టికి పట్టండి. మిగిలినవి పునాదికీ మరుగుదొడ్డి గుంతకీ దూరంగా ఇంకనివ్వండి. వీధి మురుగు కలవనీయొద్దు. ఒక్క గుంతతో బోరు బాగుపడదు, నిజమే. కానీ మంచి నీళ్లని కాలవపాలు చేసి, డబ్బా నీళ్లు కొనుక్కోవడం మనకి తగునా?