ఖాళీ సీట్ల లెక్క

ఒంటిపూట బడి అంటే మనకు మార్చి ఎండలు, పొద్దున్నే పరుగు, మధ్యాహ్నానికల్లా పిల్లలు ఇంట్లో. వాళ్లకు పండగ, మనకు నడుం వాల్చే ఆ కాస్త సమయం కూడా హుష్‌కాకి. 1950లలో చికాగోలో కూడా ఒంటిపూట బడులు ఉండేవని ఈమధ్య చదివాను. మంచు కురిసే ఊళ్లో ఎండలెక్కడివి? కారణం ఎండలు కాదు, పిల్లలు కూర్చోడానికి చోటు లేకపోవడం. ఒక జట్టు పొద్దున వచ్చి వెళ్లిపోతే రెండో జట్టు మధ్యాహ్నం వచ్చేది. అదీ ఊరంతటా కాదు, ఎక్కువగా నల్లజాతి వాళ్లుండే పేటల్లో.

మేముండేది చికాగో శివారులో. ఇక్కడి తెలుగువాళ్ల సంగతి మీకు తెలుసు కదా. ఇల్లు కొనేటప్పుడు వంటగది తర్వాత, ముందు ఆ ఇల్లు ఏ బడి హద్దులోకి వస్తుందో చూస్తాం. పోయినేడు మా స్కూల్ డిస్ట్రిక్ట్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. పిల్లలు తగ్గుతున్నారు, కొన్ని బడుల్లో సీట్లు మిగులుతున్నాయి, హద్దులు మార్చే ఆలోచన ఉంది అని. మా అమ్మల వాట్సాప్ గ్రూపులో వారం రోజులు అదే రభస. అసలు సీటు మిగలడమంటే ఏమిటి, ఎవరు లెక్కపెడతారు అని వెతుక్కుంటూ పోతే పక్కనున్న మహానగరం కథ దొరికింది. అందులో అడుగడుగునా తల్లులే. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

1940లో చికాగోలో నల్లజాతివాళ్లు సుమారు 2 లక్షల 78 వేలు. 1960కల్లా 8 లక్షలు దాటారు. దక్షిణాది రాష్ట్రాల పత్తిచేలు వదిలి, అక్కడి అవమానాలు వదిలి రైలెక్కి వచ్చినవాళ్లు. వచ్చాక ఇల్లు ఎక్కడ పడితే అక్కడ దొరికేది కాదు. నల్లవాళ్లకు అమ్మరాదని దస్తావేజుల్లోనే రాసుకునేవారు. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయకూడదని 1948లో సుప్రీంకోర్టు చెప్పినా అలవాటు అంత తొందరగా పోతుందా? జనమంతా అవే కొన్ని పేటల్లో కిక్కిరిశారు. ఏ పేట పిల్లలు ఆ పేట బడికే వెళ్లాలన్నది నియమం. అవతలి పేటలో తెల్లవాళ్ల బడిలో గదులు ఖాళీగా ఉన్నా హద్దు దాటి వెళ్లే వీల్లేదు.

1953 నుంచి 1966 దాకా అక్కడి బడులకు సూపరింటెండెంట్ బెంజమిన్ విల్లిస్. పనిమంతుడు, కాదనను. కొత్త భవనాలు చాలా కట్టించాడు. కానీ పేట బడి నియమం జోలికి మాత్రం వెళ్లలేదు. 1961లో కొంతమంది నల్లజాతి తల్లిదండ్రులు పిల్లల్ని చేత పట్టుకుని, ఖాళీలున్న తెల్లవాళ్ల బడులకు వెళ్లి చేర్చుకోమన్నారు. చేర్చుకోలేదు. కోర్టుకు వెళ్లారు. ఎన్ని గదులు ఖాళీ అన్నదాని మీదే పెద్ద వాదులాట నడిచింది. గది అంటే నాలుగు గోడలే కదా, కళ్లతో చూసి చెప్పొచ్చు కదా అనుకుంటాం. అందులోనే ఉంది అసలు మెలిక. దేన్ని గది అనాలి, దేన్ని ఖాళీ అనాలి అన్నది తేల్చేది ఆఫీసు.

విల్లిస్‌కు తోచిన ఉపాయం అల్యూమినియం రేకు గదులు. లారీల మీద తెచ్చి, కిక్కిరిసిన బడి ఆవరణలోనో పక్కనున్న జాగాలోనో దించేయడమే. ఆ పిల్లల్ని ఖాళీ ఉన్న బడికి పంపే అవసరం అలా తప్పించారు. రోజీ సింప్సన్ అనే తల్లి వాటికి 'విల్లిస్ బళ్లు' అని పేరు పెట్టింది. ఆ పేరు ఎంతగా అతుక్కుపోయిందంటే ఇప్పటికీ చరిత్ర పుస్తకాల్లో వాటిని అలాగే అంటారు. సూపరింటెండెంటు గారు కట్టించిన భవనాల పేర్లు ఎవరికీ గుర్తులేవు, రేకు బళ్లు మాత్రం ఆయన పేరుతోనే మిగిలాయి. 1963 ఆగస్టులో 73వ వీధి దగ్గర, రైలు పట్టాల పక్కన జాగాలో ఇలాంటి గదులు దించబోతుంటే పేటవాళ్లు, వాళ్లకు తోడుగా వచ్చిన కాలేజీ విద్యార్థులు యంత్రాల ముందు నేలమీద పడుకున్నారు. అక్కడి నిరసనల్లో అరెస్టయిన కుర్రాళ్లలో ఒకడు బెర్నీ శాండర్స్. ఆయన అధ్యక్ష పదవికి పోటీలో ఉన్న 2016లో ఆ అరెస్టు ఫోటో పాత పత్రిక భాండారంలోంచి బయటపడింది.

ఆ ఏడాదే అక్టోబరు 22న తల్లిదండ్రులు పిల్లల్ని బడికి పంపలేదు. రెండు లక్షలమందికి పైగా పిల్లలు ఆ రోజు బడికి వెళ్లలేదు. అంటే మొత్తం విద్యార్థుల్లో దాదాపు సగం. పిల్లలు వీధుల్లో తిరగకుండా చర్చిల్లో, సంఘాల హాళ్లలో ఆ ఒక్కరోజుకు బడులు పెట్టి తమ చరిత్ర తామే చెప్పుకున్నారు. ఒక పిల్లాడికి జ్వరమొచ్చి బడి మానితేనే మన రోజంతా తలకిందులవుతుంది. పనికి వెళ్లే తల్లులు ఎంతమంది ఆ రోజు కూలి పోగొట్టుకుని ఉంటారో, ఎవరి పిల్లల్ని ఎవరింట్లో దింపి ఉంటారో, ఆ సంగతి ఏ పుస్తకమూ రాయలేదు. నాకు ఎక్కువ తెలుసుకోవాలనిపించింది మాత్రం అదే. 1964 ఫిబ్రవరిలో మళ్లీ ఒకసారి బడి మానిపించారు. ఆ ఏడాది ఒక నిపుణుల సంఘం బడుల్లో జాతి వేర్పాటు ఉందని తేల్చి, మార్పులు చెప్పింది. అమలైంది కొద్దిగానే. విల్లిస్ 1966 దాకా కుర్చీలోనే ఉన్నాడు.

తర్వాతి కథ వేగంగా చెప్పేస్తాను. 1960ల చివర్లో చికాగో బడుల్లో సుమారు 5 లక్షల 80 వేలమంది పిల్లలు. అక్కణ్ణించి తగ్గడమే. తెల్లవాళ్లు శివార్లకు తరలిపోయారు. కాన్పులు తగ్గాయి. 1990ల చివర్నుంచి ప్రభుత్వపు ఎత్తయిన ఇళ్ల సముదాయాలు కూల్చేశారు. ఒక్క రాబర్ట్ టేలర్ హోమ్స్‌లోనే 16 అంతస్తుల భవనాలు 28 ఉండేవి. అన్నీ పోయాయి. 2000 నుంచి 2010 లోపు నగరం విడిచిపోయిన నల్లజాతివాళ్లు లక్షా 80 వేలు. ఒకప్పుడు చోటు చాలక రేకు గదులు దించిన పేటల్లోనే ఇప్పుడు బెంచీలు ఖాళీ.

2013లో నగరం ఒక లెక్క చెప్పింది. 5 లక్షలకు పైగా సీట్లున్నాయి, పిల్లలు 4 లక్షల చిల్లర, లక్ష సీట్లు ఖాళీ అని. ఈ లెక్క ఎలా వేశారో కాస్త నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే మీ బడికీ ఇలాంటి లెక్క ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ప్రాథమిక బడిలో ఉన్న గదుల్లో దాదాపు నాలుగో వంతు సంగీతం, లైబ్రరీ లాంటి వాటికి వదిలి, మిగతా ఒక్కో గదికి 30 మంది అని గుణించారు. ఆ వచ్చిన సంఖ్యలో 80 నుంచి 120 శాతం దాకా పిల్లలుంటే బడి సరిగ్గా నిండినట్టు. అంటే గదికి 24 మంది ఉన్నా సరే, 36 మంది ఉన్నా సరే. గదికి సగటున 23 మంది ఉంటే మాత్రం ఆ బడి బోసిపోయినట్టు! 36 మంది పిల్లల మధ్య టీచరు ఎలా తిరుగుతుందో లెక్క వేసినవాళ్లు ఒక్కపూట నిలబడి చూస్తే బాగుండేది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల తరగతి మరో సంగతి. అక్కడ పదిమందికో కాస్త అటూఇటుగానో మించి పెట్టకూడదని చట్టమే ఉంది. అలాంటి తరగతులు ఎక్కువున్న బడి, ఈ లెక్కలో ఎప్పుడూ సగం ఖాళీగానే కనిపిస్తుంది. 'రెయిజ్ యువర్ హ్యాండ్' అనే తల్లిదండ్రుల సంఘం ఈ మెలికలన్నీ విప్పి చూపించింది. అదే సమయంలో నగరంలో వేరే వైపు కొన్ని బడులు కిక్కిరిసి ఉన్నాయన్నది ఇంకో విడ్డూరం.

మే 22న బోర్డు ఓటేసింది. ఒకేసారి దాదాపు 50 బడుల మూసివేత. కదలాల్సి వచ్చిన పిల్లలు దాదాపు 12 వేలు, వాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది నల్లజాతి పిల్లలు. కొత్త బడికి వెళ్లే దారి ప్రమాదమని వీధి మొగల్లో రంగు చొక్కాలు తొడుక్కున్న కాపలావాళ్లను పెట్టారు. బడి దారికి కాపలా పెట్టాల్సి వస్తే ఆ దారిలో పిల్లల్ని ఎందుకు పంపాలి? చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో రాసిన నివేదిక ప్రకారం, మూసేస్తారన్న మాట వినిపించిన ఏడాదే ఆ పిల్లల మార్కులు పడ్డాయి. లెక్కల్లో ఆ వెనకబాటు ఏళ్లతరబడి పోలేదు.

పిల్లలు లేరు కాబట్టి మూశామంటారు. ముందు మూస్తామంటే పిల్లలు ఎలా మిగులుతారు? దక్షిణ చికాగోలో డయట్ హైస్కూల్ అని ఉంది. 2012లో దాన్ని దశలవారీగా మూసేయాలని బోర్డు నిర్ణయించింది. తొమ్మిదో తరగతిలో కొత్తవాళ్లను చేర్చుకోవడం ఆపేశారు. ఉన్నవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. 2015లో చివరి తరగతిలో మిగిలినవాళ్లు 13 మంది. ఆ ఆగస్టులో తల్లులు, అమ్మమ్మలు, పేటవాళ్లు కలిసి పన్నెండుమంది 34 రోజులు నిరాహారదీక్ష చేశారు. 2016 సెప్టెంబరులో అది కళల హైస్కూలుగా మళ్లీ తెరుచుకుంది, తొమ్మిదో తరగతితో.