నల్లగుడ్డ కింది కెమెరా

మూడు కాళ్ల స్టాండు, ముందు ఇత్తడి చుట్టిన లెన్సు, మధ్యలో తోలు తిత్తి, వెనక మసక అద్దం, దాని మీద కప్పిన నల్లగుడ్డ. మన తాతలూ అమ్మమ్మలూ పెళ్లయిన కొత్తలో పట్నం వెళ్లి, రంగుల తెర ముందు ఊపిరి బిగపట్టి కూర్చున్నది ఈ కెమెరా ఎదుటే. ఇప్పుడది ఎక్కువగా అలంకారానికే మిగిలింది. చూసినవాళ్లు ఎంత పెద్దదో అని ఆశ్చర్యపోయి ముందుకు వెళ్లిపోతారు. అంత పెద్దది ఎందుకయింది, చిన్న కెమెరాలు వచ్చాక కూడా ఎందుకు బతికింది అన్నదే దాని కథ.

దర్జా కోసం ఎవరూ దాన్ని పెద్దగా చేయలేదు. ఫొటో ఎంత కావాలో పలకా అంతే ఉండాల్సిన రోజులవి. 1826-27 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో నీసెఫోర్ నియెప్స్ తన ఇంటి కిటికీలోంచి తీసిన, మనకు మిగిలినవాటిలో తొలి ఛాయాచిత్రం ఒక లోహపు రేకు మీద పడింది. ఆ రేకు సుమారు 20 సెంటీమీటర్ల పొడవు, 16 సెంటీమీటర్ల వెడల్పు. 1839లో డాగెర్ ప్రకటించిన పద్ధతిలో వెండిపూత పూసిన రాగిరేకే అసలు ఫొటో, దానికి రెండో ప్రతి లేదు. ఆ రేకు కొలత ఆరున్నర అంగుళాలకు ఎనిమిదిన్నర. అదే ఫుల్ ప్లేట్. అందులో సగం, పావు కొలతలే తర్వాత నూరేళ్లకు పైగా ఊరూరా స్టూడియోల్లో నడిచిన హాఫ్ ప్లేట్, క్వార్టర్ ప్లేట్.

నెగెటివ్ నుంచి కాగితం మీదికి అచ్చు తీయడం వచ్చాక కూడా కొలత మారలేదు. అప్పటి ఆల్బుమెన్ కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన, వెండి లవణం పట్టించేవారు. అది చాలా మందకొడి కాగితం. నెగెటివ్‌ను దానికి ఆనించి ఎండలో పెడితేనే బొమ్మ తేలేది. ఎండను మళ్లించి బొమ్మను పెద్దది చేసే యంత్రాలు ఉన్నా వాడకం తక్కువ. పెద్ద ఫొటో కావాలంటే పెద్ద కెమెరా మోయడమే దారి. ఆ బరువు తగ్గించడానికే తిత్తి వచ్చింది. 1839లోనే ఫ్రాన్స్‌కు చెందిన సెగియే మడిచే తిత్తితో కెమెరా చేసి చూపించాడు. 1857లో స్కాట్లండ్ వాడైన కిన్నియర్ దాన్ని ముందుకు సన్నబడేలా తీర్చాడు. ఒకదానిలో ఒకటి దూరే మడతలతో పెట్టె పలచగా ముడుచుకునేది. హార్మోనియం తిత్తి ముడిచినట్టే దీన్నీ ముడిచి గుర్రం మీద వేసుకుని పోవచ్చు.

1851లో ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ తడి ప్లేటు పద్ధతిని ప్రకటించాడు. గాజుపలక తుడిచి, ఈథర్‌లోనూ ఆల్కహాల్‌లోనూ కరిగించిన కొలోడియన్ ద్రవాన్ని దాని మధ్యలో పోసి, నాలుగు మూలలకూ ఒంచి, మిగిలింది ఒక మూలనుంచి తిరిగి సీసాలోకి దించాలి. పొర గట్టిపడీ పడకముందే చీకట్లో వెండి నైట్రేట్ తొట్టిలో ముంచాలి. తడి ఆరకుండా కెమెరాలో పెట్టి ఫొటో తీసి, ఆ తడి మీదే డెవలప్ చేయాలి. మొత్తం పది, పదిహేను నిమిషాల్లో అయిపోవాలి, లేకపోతే ప్లేటు వృథా. మన ఎండల్లో ఈథర్ ఇంకా తొందరగా ఎగిరిపోతుంది. అందుకే కెమెరా వెంట గుడారం, నీళ్లు, మందుల సీసాలు, గాజు పెట్టెలు, వాటిని మోసే మనుషులు కదిలేవారు. ఆర్చర్ దీనికి పేటెంట్ తీసుకోలేదు, లోకానికి ఉచితంగా ఇచ్చేశాడు. 1857లో పేదగానే పోయాడు. డాగెర్ పేరు అందరికీ తెలుసు. నన్నడిగితే ఛాయాచిత్ర కళను జనంలోకి తెచ్చినవాడు ఆర్చరే, ఆయన పేరును మరింత గౌరవంతో తలుచుకోవాలి.

ఆ గాజుపలకలతో కార్ల్టన్ వాట్కిన్స్ 1861లో కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయకు వెళ్లాడు. ఆయన వాడిన ప్లేట్లు 18 అంగుళాలకు 22. ఆ లోయను కాపాడే చట్టం మీద లింకన్ 1864లో సంతకం పెట్టడం వెనక ఆ చిత్రాల ప్రభావం ఉందని చరిత్రకారులు చెబుతారు. పెద్ద కొలత మోజు చివరకు ఎక్కడిదాకా పోయిందంటే, 1900లో షికాగోలో జార్జ్ లారెన్స్ ఒక రైలును ఒకే ప్లేటు మీద తీయడానికి ఎనిమిది అడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు గాజు పట్టే కెమెరా కట్టించాడు. దాన్ని నడపడానికి 15 మంది కావాలి.

1871లో మ్యాడక్స్ అనే ఇంగ్లిష్ వైద్యుడు జెలటిన్‌తో పొడి ప్లేటుకు దారి చూపాడు. పదేళ్లు తిరక్కుండానే కార్ఖానాలో తయారైన ప్లేట్లు డబ్బాల్లో అమ్మకానికి వచ్చాయి. గుడారం బరువు తప్పింది. సరిగ్గా ఆ మలుపులో మన నేలకు వచ్చినవాడు లాలా దీన్ దయాళ్. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రభుత్వ నిర్మాణ శాఖలో పనిచేస్తూ కెమెరా పట్టాడు. 1880లలో హైదరాబాద్ చేరి సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యాడు. 1894లో ‘రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్’ బిరుదు అందుకున్నాడు. పరదా స్త్రీల కోసం 1892లో ఒక ఇంగ్లిష్ మహిళ నడిపేలా జనానా స్టూడియో తెరిచాడు. 1902లో వరంగల్ దగ్గరి నెక్కొండలో వేటాడిన పులి పక్కన వైస్రాయ్ కర్జన్ దంపతులు నిలబడ్డ ఫొటో ఆయన స్టూడియోదే. 1905లో ఆయన కన్నుమూశాడు. రెండున్నర వేలకు పైగా ఆయన గాజు నెగెటివులు ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. ఆయన తీసిన భవనాల్లో గోడలు నిటారుగా నిలబడి ఉంటాయి. ఇంజినీరు కన్ను అది, ఆ కన్ను అడిగినట్టు వంగగలిగే కెమెరా కూడా అది.

ఆ వంగడమే ఈ కెమెరాను బతికించింది. 1888లో కొడాక్ డబ్బా, 1925లో లైకా వచ్చాయి. చిన్న నెగెటివ్‌ను విద్యుద్దీపంతో పెద్దది చేసే బ్రోమైడ్ కాగితమూ అప్పటికే ఉంది. కొలత ఒక్కటే కారణమైతే స్టాండు కెమెరా అప్పుడే పోవాల్సింది. కానీ చార్మినార్ ముందు నిలబడి చిన్న కెమెరా ఎత్తిపట్టి తీసి చూడండి. నాలుగు మినార్లూ పైకి పోయేకొద్దీ ఒకదాని మీదికి ఒకటి వాలిపోతాయి. తిత్తి కెమెరాలో అయితే కెమెరాను పైకి ఎత్తక్కర్లేదు. దాన్ని నిటారుగానే ఉంచి, లెన్సు బిగించిన పలకను మాత్రం పైకి జరపాలి. ప్లేటు గోడకు సమాంతరంగా ఉన్నంతవరకు గీతలు వాలవు. ఇక లెన్సు పలకను కాస్త ముందుకు వంచితే కాళ్ల దగ్గరి రాయీ, దూరపు కొండా రెండూ ఒకేసారి స్పష్టంగా వస్తాయి. ప్లేటు తలం, లెన్సు తలం, స్పష్టంగా కావాల్సిన దృశ్యపు తలం ఒకే రేఖ మీద కలవాలన్నది ఇందులో సూత్రం. పారిస్‌లో కార్పెంటియే 1901లో, ఆస్ట్రియా సైనికాధికారి షైంప్‌ఫ్లుగ్ 1904లో దీన్ని పేటెంట్లలో రాశారు. షైంప్‌ఫ్లుగ్ అవసరం కళ కాదు, గాల్లోంచి తీసిన ఫొటోలతో సరైన పటాలు గీయడం.

ఈ కెమెరాను కళలో పతాకస్థాయికి తీసుకెళ్లింది 1932లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏర్పడ్డ ఎఫ్/64 బృందం. ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్, ఇమోజెన్ కనింగ్‌హామ్ అందులో ఉన్నారు. అంతకు ఐదేళ్ల ముందే, 1927 ఏప్రిల్ 10న, ఆడమ్స్ ఫుల్ ప్లేట్ కెమెరా మోసుకుని యోసెమిటీలో హాఫ్ డోమ్ కొండ ఎదుటికి చేరేసరికి రెండే గాజు ప్లేట్లు మిగిలాయి. ఒకటి పసుపు ఫిల్టర్‌తో తీశాడు. ఆకాశం తన మనసులో ఉన్నంత చీకటిగా రాదని వెంటనే గ్రహించి, ఆఖరి ప్లేటు ఎర్ర ఫిల్టర్‌తో తీశాడు. ఆ రెండోదే ఆయన పేరు నిలబెట్టింది. మిగిలింది ఒక్క ప్లేటే అయినప్పుడు మనిషి ఎంత ముందుగా చూడగలడో ఆ రోజు తేలింది. ఈ కెమెరా నెమ్మదిగా పనిచేయడమే గొప్ప అని కొందరంటారు. నేనలా అనుకోను. తీయబోయే ఫొటోని మసక అద్దం మీద ముందే చదును బొమ్మగా, తలకిందులుగా చూపించడం దాని గొప్పతనం. తలకిందులైనప్పుడు మొహాలూ పేర్లూ వెనక్కి పోయి వెలుగునీడల బరువే కంటికి ఆనుతుంది.

ఇప్పుడు గాజుకు బదులు షీటు ఫిల్మ్. నాలుగు అంగుళాలకు ఐదు షీటు 35 ఎంఎం నెగెటివ్‌కు దాదాపు 15 రెట్లు, ఎనిమిదికి పది షీటు దాదాపు 60 రెట్లు. చీకట్లో ఎక్కించాలి కాబట్టి ఒక మూల గంట్లు పెడతారు. షీటు నిలువుగా పట్టుకుని ఆ గంట్లు కుడిచేతి పైమూలలో వేలికి తగిలితే మందు పూసిన వైపు మన మొహానికి ఉన్నట్టు. ఫిల్మ్ ఎక్కించే హోల్డరుకు మూతగా ఉండే పలక అంచు తెల్లగా కనిపిస్తే తీయని ఫిల్మ్, నల్లగా కనిపిస్తే తీసింది. దగ్గరి వస్తువు కోసం తిత్తి బాగా సాగదీస్తే వెలుగు తగ్గుతుంది. వస్తువంత బొమ్మే ఫిల్మ్ మీద పడాలంటే తిత్తి లెన్సు ఫోకల్ దూరానికి రెట్టింపు సాగుతుంది, నాలుగింతల వెలుగు ఇవ్వాలి. కొత్తవాళ్ల ఫొటోలు నల్లబడేది ఎక్కువగా ఇక్కడే.

మన స్టూడియోలు ఈ కెమెరాను అంతకాలం వదలకపోవడానికి ఇంకో కారణం పెన్సిలు. హాఫ్ ప్లేట్ నెగెటివ్ మీద సన్నగా చెక్కిన పెన్సిలుతో మొటిమలు, ముడతలు చెరిపేవారు. గోరంత నెగెటివ్ మీద అది సాధ్యం కాదు. ఆ గిరాకీకి తగ్గ కెమెరా మన దేశంలోనే పుట్టింది. 1940లలో కేరళలోని అలెప్పీలో ఒక స్టూడియో యజమాని తన విదేశీ కెమెరా తిత్తి పాడైతే, సంగీతవాద్యాలు బాగుచేసే కుటుంబానికి చెందిన కె. కరుణాకరన్‌కు ఇచ్చాడు. హార్మోనియం తిత్తి తెలిసిన చేతికి అది కొత్త పని కాదు. ఆయన తిత్తితో ఆగకుండా కర్ర, ఇత్తడి తెచ్చి కెమెరానే చేశాడు. ‘వాగీశ్వరి’ పేరుతో అది దేశమంతా స్టూడియోలకు చేరి, 1980ల దాకా తయారైంది.

ఆ స్టూడియోల్లో చాలా మూతపడ్డాయి. మీ ఊళ్లో ఎక్కడైనా అటక మీద గాజు నెగెటివుల పెట్టె కనిపిస్తే దయచేసి పాతసామానుకు వేయకండి. పలకలను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా, పొడుగు అంచు మీద నిలబెట్టి ఉంచండి. అంచులే పట్టుకోండి, మందు ఉన్న వైపు తడి తగలనీయకండి. తెల్లటి వెలుగుకు అడ్డంగా పెట్టి ఫోన్‌తో ఒక ఫొటో తీస్తే బొమ్మ ఎవరిదో పెద్దవాళ్లు గుర్తుపట్టగలరు. ఆ పేర్లు పలక మీద కాకుండా కాగితపు కవరు మీద రాయండి, అదీ పలకను లోపల పెట్టకముందే, మెత్తటి పెన్సిలుతో.